ఆత్మరక్షణా? పగ తీర్చుకోవడమా?

ఆ మధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుంటే ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు నా వెంటే వచ్చాడు. చెప్పులు తొడుక్కునేదాకా ఏమీ మాట్లాడలేదు. వీధి మలుపు తిరిగాక మెల్లగా అడిగాడు.

"చాచా, మన మీదికొచ్చినోణ్ణి సంపితే కేసు నిలబడదంట కదా?"

"ఎవరు చెప్పినారు నాయనా?"

"అన్న చెప్పినాడు. అది ఆత్మరక్షణ కిందికి వస్తాదంట. దానికి సెక్షను కూడా ఉందంట."

అన్న అంటే వాడి తోడబుట్టినవాడు కాదు. కర్నూలు, కడప సీమల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఇక్కడి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్లవాడి తండ్రి సైకిలు మీద ఊరూరా తిరిగి గుడ్డలు అమ్మి నలుగురు పిల్లల్ని పెంచాడు. కొడుకు ఇప్పుడు అన్నగారి బండిలో వెనక సీటులో కూర్చుంటున్నాడు. బండిలో చోటిచ్చినవాడే చట్టం పాఠం కూడా చెబుతున్నాడు.

సెక్షను ఉన్న మాట నిజమే. కానీ ఆ సెక్షను చెప్పే మాట వేరు, అన్న చెప్పిన మాట వేరు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక ఎన్ని ఇళ్ళు పాడయ్యాయో మన జిల్లాల్లో ఏ తల్లిని అడిగినా చెబుతుంది. కొందరి కొడుకులు ఖబరస్తానుకు పోయారు, కొందరి కొడుకులు జైలుకు పోయారు. కనుక ఈ వారం ఆ సెక్షను గురించే మాట్లాడుకుందాం. వకీళ్ళ భాషలో కాదు, మన ఇంటి భాషలో.

హక్కు ఉంది, దాచనక్కరలేదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. దాడి జరిగినప్పుడు చేతులు కట్టుకుని నిలబడమని మన దేశ చట్టం ఎవరికీ చెప్పలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవే. 2024 జూలై 1 నుండి ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో అవే నియమాలు 34 నుండి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉన్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన ఘటనలకు పాత చట్టమే వర్తిస్తుంది. అంకెలు మారాయి గానీ సారాంశం దాదాపు మారలేదు.

ఆ సారాంశం ఇది. ఆత్మరక్షణ హక్కును వినియోగించుకుంటూ చేసిన ఏ పనీ నేరం కాదు. ఈ హక్కు నీ ఒంటికే పరిమితం కాదు. నీ పక్కవాడి ప్రాణం కాపాడటానికీ వర్తిస్తుంది. వాడు నీకు బంధువు కానక్కరలేదు, నీ మతం వాడు కానక్కరలేదు. దొంగతనం, దోపిడీ, ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం జరుగుతున్నప్పుడు ఆస్తిని కాపాడుకోవడానికీ హక్కు ఉంది. దాడి చేసేవాడు మతిస్థిమితం లేనివాడైనా, చిన్నపిల్లవాడైనా, వాడికి శిక్ష పడకపోయినా, వాడి దెబ్బ నుండి నిన్ను నీవు కాపాడుకునే హక్కు మాత్రం పోదు.

అయితే అడ్డుకోవడం ఒకటి, ప్రాణం తీయడం మరొకటి. మామూలు దాడిని అడ్డుకునేటప్పుడు ఎదుటివాడికి గాయమైనా చట్టం క్షమిస్తుంది గానీ ప్రాణం తీయడాన్ని క్షమించదు. ప్రాణం పోయేదాకా వెళ్ళినా నేరం కాదనడానికి చట్టం కొన్ని సందర్భాలను లెక్కపెట్టి మరీ చెప్పింది.

శరీరానికి సంబంధించి అవి ఏడు. ఒకటి, ఎదురుదెబ్బ తీయకపోతే చావు తప్పదన్న సహేతుకమైన భయం కలిగించే దాడి. రెండు, తీవ్రమైన గాయం తప్పదన్న భయం కలిగించే దాడి. మూడు, మానభంగం చేసే ఉద్దేశంతో జరిగే దాడి. నాలుగు, ప్రకృతి విరుద్ధమైన కామవాంఛ తీర్చుకునే ఉద్దేశంతో జరిగే దాడి. ఐదు, ఎత్తుకుపోయే ఉద్దేశంతో జరిగే దాడి. ఆరు, అధికారులను ఆశ్రయించే వీలే లేకుండా పోతుందన్న భయం కలిగేలా నిర్బంధించడానికి జరిగే దాడి. ఏడు, యాసిడ్ పోయడం లేక పోయడానికి ప్రయత్నించడం. ఈ చివరిదాన్ని 2013లో చేర్చారు.

మన ఇళ్ళలోని ఆడపిల్లలకు ఈ ఏడింటిలో మూడవదీ, ఐదవదీ, ఏడవదీ తప్పక చెప్పండి. 'అబలవు, అరవడం తప్ప ఏమీ చేయలేవు' అని మనం అంటుంటాం. చట్టం ఆ మాట అనలేదు. తన మానం కాపాడుకోవడానికి చేతికందిన రోకలిబండతో కొట్టిన స్త్రీ, ఆ దెబ్బకు వాడు చచ్చినా, హంతకురాలు కాదు.

ఆస్తి విషయంలో ప్రాణం తీసే హక్కు ఇంకా ఇరుకు. దోపిడీ జరుగుతున్నప్పుడు, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు ఇంటికి కన్నం వేసినప్పుడు, మనుషులు నివసించే ఇంటికి గానీ సరుకు నిలవ చేసే చోటికి గానీ నిప్పు పెడుతున్నప్పుడు, దొంగతనమో ఇంట్లోకి చొరబాటో ప్రాణభయం కలిగించేలా ఉన్నప్పుడు మాత్రమే. నిప్పు పెట్టడంతో పాటు పేలుడు పదార్థాలతో ధ్వంసం చేయడాన్ని కూడా కొత్త సంహిత 41వ సెక్షనులో చేర్చింది. నాటుబాంబుల పొగ తెలిసిన మన ప్రాంతానికి ఈ మార్పు ఎందుకు ముఖ్యమో వివరించనక్కరలేదు.

అంతే తప్ప, పొలం గట్టు జరిపాడని, మోటారు తీగ కోశాడని, బాకీ ఎగ్గొట్టాడని, దుకాణంలో వస్తువు తీసుకుని పారిపోతున్నాడని ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదు.

కట్నీ పట్టణంలో ఒక రోజు

ఈ హక్కు కాగితం మీదే ఉందా, కోర్టుల్లో నిలుస్తుందా అని అడగవచ్చు. నిలిచిన కేసు ఒకటి చెబుతాను. మధ్యప్రదేశ్‌లోని కట్నీ పట్టణంలో 1950 మార్చి 5న మతకలహం చెలరేగింది. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన సింధీ శరణార్థులు ఒక వైపు, స్థానిక ముస్లిములు మరో వైపు. బజారులో ముస్లిముల దుకాణాలు చెల్లాచెదురయ్యాయి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. అల్లరిమూక కాస్త దూరంలో ఉన్న మరో కూడలికి వచ్చింది. అక్కడ అమ్జద్ ఖాన్ అనే ఆయన దుకాణం, పక్కనే ఆయన అన్నదమ్ముడి దుకాణం ఉన్నాయి. మూక ఆ పక్క దుకాణంలోకి చొరబడి లూటీ మొదలుపెట్టింది. ఈయన తలుపుల మీద లాఠీలతో బాదుతోంది. ఇంట్లో కుటుంబం ఉంది. ఆయన తుపాకి పేల్చాడు. ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు.

కింది కోర్టులో ఆయనకు శిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1952లో ఆ న్యాయస్థానం ఆయన్ని నిర్దోషిగా విడుదల చేసింది. పక్క దుకాణానికి పట్టిన గతి తన దుకాణానికి పట్టదని ఎలా నమ్మాలి? తలుపు విరిగి మూక లోపలికి వచ్చేదాకా, తన వాళ్ళ మీద దెబ్బ పడేదాకా ఆయన ఆగనక్కరలేదని కోర్టు చెప్పింది. అలాంటి క్షణంలో మనిషి చేసిన పనిని తర్వాత తీరిగ్గా కూర్చుని బంగారం తూచే త్రాసులో తూచకూడదని కూడా చెప్పింది. ఆ తీర్పును నేటికీ కోర్టులు ఉదహరిస్తున్నాయి.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ కోర్టు ఆ మనిషి ఏ మతం వాడని అడగలేదు. తలుపు ఎవరు బాదుతున్నారు, తలుపు లోపల ఎవరున్నారు అని అడిగింది. ఇదే కేసులో మతాలు తారుమారై ఉన్నా తీర్పు అదే అయి ఉండాలి. దాన్ని న్యాయం అంటారు.

ఖర్బూజా బుట్ట

ఇప్పుడు రెండవ కేసు వినండి. ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్ కూరగాయల మార్కెట్లో 1970 జూన్‌లో ఒక ఉదయం ఖర్బూజా పళ్ళ బుట్ట దగ్గర తగవు వచ్చింది. కొనడానికి వచ్చినవాడు తనకే కావాలన్నాడు. ఆ బుట్ట ఇంకొకరికి ఇస్తానని అన్నానని అమ్మేవాడు చెప్పాడు. మాటామాటా పెరిగింది. కొనడానికి వచ్చినవాడు అక్కడినుండి వెళ్ళిపోయాడు. అంతటితో ఆగితే పండ్ల బేరంతోనే పోయేది. కానీ అతను కొడుకుల్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. ఒకరి చేతిలో తుపాకి ఉంది. ఆ తుపాకి పేలి అమ్మేవాడు చనిపోయాడు.

కోర్టులో ఏం చెప్పారో ఊహించగలరా? ఆత్మరక్షణ అన్నారు. వాళ్ళ మీదికి కర్రలతో వచ్చారనీ, ప్రాణభయంతో కాల్చామనీ వాదించారు. హైకోర్టు విడిచిపెట్టింది. కానీ 1974లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి కాల్చినవాడికి హత్యా నేరం కింద యావజ్జీవ శిక్ష వేసింది. ఆయుధం పట్టుకుని తగవుకు బయలుదేరి వెళ్ళినవాడు, తానే సృష్టించిన ప్రమాదాన్ని చూపించి ఆత్మరక్షణ అనలేడని తేల్చింది. ఈ హక్కు కాపాడుకోవడానికే, ప్రతీకారానికి కాదు.

అమ్జద్ ఖాన్ తన తలుపు వెనక నిలబడి ఉన్నాడు. బదాయూన్ మనిషి ఇంటికి వెళ్ళి తుపాకిని తెచ్చుకున్నాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది తుపాకే. ఇద్దరి వల్లా మనిషి ప్రాణం పోయింది. ఒకరు ఇంటికి వెళ్ళారు, ఒకరు జైలుకు వెళ్ళారు. తేడా ఆయుధంలో లేదు. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారన్నదానిలో ఉంది.

ఈ రెండు కేసులూ ఉత్తరాది ఊళ్ళవే కావచ్చు. కానీ రెండవది వింటుంటే మన ఆదోని యార్డో, ప్రొద్దుటూరు బజారో, నంద్యాల సంతో కళ్ళ ముందు మెదలడం లేదా? మన సీమలో ఫ్యాక్షన్ పుట్టుక కూడా చాలాసార్లు ఇలాంటి చిన్న మాట దగ్గరే. కల్లంలో బండి అడ్డం పెట్టారని, పంచాయతీ ఎన్నికలో ఏజెంటుగా కూర్చున్నాడని, సారాయి పాట దగ్గర ఎదురు పాడాడని మొదలైన పగలు రెండు మూడు తరాలు నడిచిన ఊళ్ళు మనకు తెలుసు. మొదటి మాట ఎవరన్నారో మరచిపోయాక కూడా చంపుకోవడం మాత్రం ఆగలేదు.

హద్దులు నాలుగు

చట్టం ఈ హక్కుకు గీసిన హద్దులను నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు.

మొదటిది, ప్రమాదం ఇప్పుడు ఉండాలి. సహేతుకమైన భయం కలిగినప్పుడు హక్కు మొదలవుతుంది. ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. నిన్న కొట్టాడని నేడు చంపడం ఆత్మరక్షణ కాదు, అది పగ. రేపు చంపుతాడేమోనని నేడే చంపడమూ ఆత్మరక్షణ కాదు. 'వాళ్ళు మనల్ని లేపేయక ముందే మనం లేపేయాల' అన్న మాట మన పల్లెల్లో ఎంత మామూలో, చట్టం దృష్టిలో అంత స్పష్టమైన హత్యా పథకం.

రెండవది, అవసరానికి మించి హాని చేయకూడదు. కత్తి ఎత్తినవాడి చేయి విరిగి కత్తి కింద పడితే నీ హక్కు అక్కడితో ఆగుతుంది. వెనక్కి తిరిగి పరుగెత్తేవాణ్ణి తరిమి నరకడం ఏ దేశపు చట్టమూ ఒప్పుకోదు. ఇంగ్లండులో 1999లో ఒక రైతు రాత్రి వేళ తన ఇంట్లో దూరిన దొంగల మీద తుపాకి పేల్చాడు. పదహారేళ్ళ పిల్లవాడు వీపున తూటా తగిలి చనిపోయాడు. దేశమంతా ఆ రైతు మీద జాలి పడింది. అయినా 2000లో జ్యూరీ హత్య అనే తేల్చింది. మరుసటి ఏడు అప్పీలులో నేరం తీవ్రత తగ్గించారు గానీ, అది ఆయన మానసిక స్థితిని బట్టి తగ్గించారు, ఆత్మరక్షణ అని కాదు. ముందు బాంబు వేసి, పడిపోయాక చుట్టుముట్టి వేటకొడవళ్ళతో నరికే మన సీమ పద్ధతిని ఏ కోర్టులో ఏ వకీలు ఆత్మరక్షణ అనగలడో మీరే ఆలోచించండి.

మూడవది, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆశ్రయించాలి. పిరికివాడిలా పారిపోవాలని చట్టం చెప్పదు. దాడి మీద పడ్డవాడు వెన్ను చూపనక్కరలేదని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కుకు సంబంధించిన సూత్రాలన్నిటినీ ఒకచోట పది అంశాలుగా కూర్చింది కూడా. కానీ సాయంత్రం బెదిరింపు వస్తే, రాత్రంతా మనుషుల్ని కూడగట్టి, తెల్లవారి మాటు వేసినవాడికి ఆ వ్యవధి లేదని ఎవరు నమ్ముతారు?

నాలుగవది, ఉద్యోగ ధర్మంగా సద్బుద్ధితో పని చేస్తున్న ప్రభుత్వోద్యోగి మీద, ప్రాణానికో తీవ్ర గాయానికో భయం లేనప్పుడు, ఈ హక్కు ఉండదు. అరెస్టుకు వచ్చిన కానిస్టేబులు మీద కర్ర ఎత్తి ఆత్మరక్షణ అంటే చెల్లదు.

ఇక రెండు వర్గాలూ ముందే ఆయుధాలు సిద్ధం చేసుకుని, తేల్చుకుందాం రమ్మని కలబడితే సాధారణంగా ఇద్దరిలో ఎవరికీ ఈ హక్కు మిగలదు. ఇంట్లో గడ్డివామి కింద నాటుబాంబుల బకెట్టు దాచినవాడు ఏ దాడీ జరగకముందే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరస్థుడు. ఆ బకెట్టు వాడి ఇంటిని కాపాడదు. వేసవిలో దానంతటదే పేలితే మొదట చచ్చేది వాడి పిల్లలే.

రుజువు ఎవరిది?

ఆత్మరక్షణ అని చెప్పుకునేవాడే దాన్ని చూపించాలి. అయితే ప్రాసిక్యూషను లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని కోర్టుకు అనిపిస్తే చాలు. నోరు తెరిచి ఆ వాదం చేయకపోయినా సాక్ష్యాల్లో అది కనబడితే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

హక్కు నిజంగానే ఉండి, సద్బుద్ధితో, ముందస్తు పథకం లేకుండా, ఆ ఉద్రేకంలో హద్దు దాటినవాడికి చట్టం ఒక మధ్య దారి ఉంచింది. అది హత్య కాదు, హత్య కిందికి రాని నరహత్య అవుతుంది. శిక్ష తగ్గవచ్చు. కానీ శిక్ష ఉంటుంది సుమా! కొత్త సంహితలో హత్యకు మరణశిక్ష లేక యావజ్జీవం. హత్య కిందికి రాని నరహత్యలో, చంపే ఉద్దేశం ఉన్నచోట యావజ్జీవం లేదా ఐదు నుండి పదేళ్ళు.

కనుక ఎవరి ఇంటి మీదనైనా నిజంగా దాడి జరిగి, కాపాడుకునే ప్రయత్నంలో ఎవరైనా గాయపడినా, చనిపోయినా, పారిపోకండి. వెంటనే 112కు ఫోను చేయండి. జరిగింది జరిగినట్లు చెప్పండి. వస్తువులు కదిలించకండి. మీ ఒంటి మీద గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించి రాయించండి. రేపు కోర్టులో మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. బెదిరింపులు వస్తుంటే ముందే ఫిర్యాదు ఇవ్వండి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపే హక్కు చట్టమే ఇచ్చింది. వకీలుకు డబ్బు లేదంటారా? 1987 నాటి చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు.

ఈ కొలబద్ద పోలీసులకూ వర్తిస్తుంది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ వినబడే మాట ఆత్మరక్షణే. అలాంటి ప్రతి మరణంలోనూ ఎఫ్ఐఆర్ నమోదు చేసి స్వతంత్రంగా దర్యాప్తు జరిపించాలని 2014లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషను విచారణ జరిపి, పోలీసులు చెప్పిన ఆత్మరక్షణ కథను నమ్మలేమనీ, పదిమంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలనీ 2022లో సిఫారసు చేసింది. ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ ఉన్నవాడి విషయంలో కూడా కథకూ రుజువుకూ తేడా చూడాలి. ఆ తేడా వద్దని నేడు చప్పట్లు కొట్టినవాడు, రేపు తన కొడుకు వంతు వచ్చినప్పుడు ఎవరిని అడుగుతాడు?

ధర్మం ఏమంటుంది?

ఈ పేజీ చదివే సోదరులు కొందరు ఇంకో మాట అంటారు. తన ఆస్తిని, తన ప్రాణాన్ని, తన ఇంటివారిని కాపాడుకుంటూ చనిపోయినవాడు షహీద్ అని హదీసులో ఉంది కదా అని. ఉంది. కానీ ఆ మాట దోచుకోవడానికి, చంపడానికి మీదికి వచ్చినవాడి గురించి. నీవు మీదికి వెళ్ళిన మనిషి గురించి కాదు. మన ఫిఖహ్ పండితులు కూడా దుండగుణ్ణి తేలిక మార్గంతో మొదలుపెట్టి అడ్డుకోవాలన్నారు. మాటతో ఆగేవాణ్ణి చేతితో కొట్టకూడదు, చేతితో ఆగేవాణ్ణి ఆయుధంతో కొట్టకూడదు. చట్టం చెప్పే 'అవసరానికి మించకూడదు' అన్న మాటకూ దీనికీ తేడా ఏముంది?

ఇద్దరు ముస్లిములు కత్తులు దూసుకుని కలబడితే చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ నరకానికే అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. చచ్చినవాడి తప్పేమిటని అడిగితే, అతనూ ఎదుటివాణ్ణి చంపాలనే ఆరాటపడ్డాడని జవాబిచ్చారు. ఫ్యాక్షన్ గురించి ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? అయినా మనం బతుకుతున్నది ఈ దేశపు చట్టం కింద. కోర్టులో నిలబడేది ఆ చట్టమే. ధర్మమూ చట్టమూ ఒకే మాట చెబుతున్నప్పుడు ఆ రెంటినీ కాదని మూడవవాడి మాట వినడం దేనికి?

చట్టం కాగితాల్లోనే ఉంటుంది, మా ఊళ్ళో స్టేషను కూడా పెద్దమనిషి చెప్పినట్లే నడుస్తుంది అని ఒకాయన నాతో వాదించాడు. ఆయన బాధ నిజమైనదే. ఆ బాధ లేని పల్లె మన జిల్లాల్లో తక్కువ. కానీ అలాంటి ఊళ్ళో కత్తి పట్టిన పేదవాడికి మరింత రక్షణ దొరుకుతుందా, మరింత తక్కువ దొరుకుతుందా? పెద్దమనిషికి పెద్ద వకీలు ఉంటాడు. అనుచరుడి తల్లి నెలనెలా ములాఖతు కోసం బస్సెక్కుతుంది. కర్నూలు జిల్లాకు చెందిన ఒక ముఠా హత్యల కేసులో పలుకుబడి గల ఖైదీకి గవర్నరు శిక్ష తగ్గిస్తే, చనిపోయినవారి కుటుంబం తరఫున ఏపూరు సుధాకర్ కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో ఆ తగ్గింపు చెల్లదని కోర్టు కొట్టివేసింది. పార్టీనీ కులాన్నీ చూసి క్షమాభిక్ష పెట్టకూడదని చెప్పింది. పలుకుబడి ఉన్నవాడికే అది దక్కనప్పుడు, బండి వెనక సీటులో కూర్చునే మన పిల్లవాడికి దక్కుతుందా?

ఆ శుక్రవారం నేను ఆ కుర్రవాడికి ఇవన్నీ చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగాను. "అది జరిగేటప్పుడు నువ్వు మీ ఇంట్లో ఉంటావా, వాళ్ళ ఊర్లో ఉంటావా నాయనా?"

వాడు జవాబు చెప్పలేదు. తల వంచుకుని చెప్పు మొనతో మట్టి గీకుతూ నిలబడ్డాడు. వాడికి జవాబు తెలుసు. చట్టం మొత్తం ఆ జవాబులోనే ఉంది.

నాకు తోచిన చివరి మాట తండ్రులకు. కొడుకు రాత్రి పదింటికి ఇంటికి రాకపోతే ఎక్కడున్నాడో కనుక్కోండి. వాడి చేతిలో కొత్త ఫోను, కొత్త బండి ఉంటే ఎక్కడివని అడగండి. వాడు కోపగించుకుంటాడు. కోపగించుకోనివ్వండి. ఆ పిల్లవాడి తండ్రి ఇంటికి నేను ఆ సాయంత్రమే వెళ్ళాను. వినవలసిన మాట విని ఆయన చాలాసేపు గోడకు ఆనించిన సైకిలు వైపే చూస్తూ ఉండిపోయాడు. "నాతో ఎప్పుడూ అడగలేదే వాడు" అన్నాడు. మన పిల్లలు చట్టం గురించి మనల్ని అడగకపోతే, చెప్పేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు. వాళ్ళు అడగకముందే మనం చెబుదాం.